సభకు గట్టు కట్టిన ఇంజనీరు: హెన్రీ మార్టిన్ రాబర్ట్

ఎఫెసు పట్టణపు నాటకశాలలో జనులు గుంపుగూడి రెండు గంటలసేపు కేకలు వేసిన వృత్తాంతము అపొస్తలుల కార్యముల గ్రంథము పందొమ్మిదవ అధ్యాయములో నున్నది. తాము అచ్చటికి ఎందుకు వచ్చితిమో ఆ గుంపులో పెక్కుమందికి తెలియదు. ఎవని కేక వానిది, వినువాడు లేడు. ఆ అల్లరిని అణచినవాడు అపొస్తలుడు కాడు, ప్రవక్తయు కాడు. ఆ పట్టణపు కరణము. ఫిర్యాదు గలవారు న్యాయస్థానమునకు పోవలెననియు, తక్కిన సంగతులు చట్టప్రకారము కూడిన సభలో తేల్చుకొనవలెననియు అతడు నచ్చజెప్పి, జనమును ఇండ్లకు పంపివేసెను. ఆ దినమున పౌలు సహచరులకు కీడు కలుగకుండ దేవుడు ఉపయోగించిన సాధనము సభామర్యాద నెరిగిన ఒక ఉద్యోగి.

సభను క్రమములో నడుపుట ఆత్మసంబంధము కాని చిన్న పని యని తలంచువారు ఈ వృత్తాంతమును మరల చదువవలెను. అట్టి పనినే తన జీవితకాలపు పరిచర్యగా చేసికొనిన ఒక బాప్టిస్టు విశ్వాసి పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో నుండెను. వృత్తిచేత ఆయన సైనిక ఇంజనీరు. రేవులు, కోటలు, సముద్రపు గట్లు కట్టుట ఆయన ఉద్యోగము. కాని లోకము ఆయనను జ్ఞాపకముంచుకొనినది ఒక చిన్న పుస్తకమువలన. ఆయనే హెన్రీ మార్టిన్ రాబర్ట్.

బానిసత్వమును సహింపని తండ్రి

రాబర్ట్ 1837 మే 2న దక్షిణ కరోలినా రాష్ట్రములోని రాబర్ట్‌విల్ అను గ్రామమున జన్మించెను. మతహింసలకు తాళలేక ఫ్రాన్సు విడిచి వచ్చిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంటులు ఆయన పూర్వికులు. ఆ ఊరికి ఆ పేరు ఈ కుటుంబమునుండియే వచ్చెను. హెన్రీ మార్టిన్ అను పేరు వినగానే భారతదేశపు క్రైస్తవులకు మరియొకరు జ్ఞాపకమునకు వత్తురు. కాన్పూరులో చాప్లెయినుగా పనిచేసి, క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తర్జుమా చేసి, 1812లో ముప్పదియొక్క ఏండ్ల వయస్సుననే మరణించిన భక్తుడు ఆయన. ఒకడు వాక్యమును ఒక జాతి భాషలోనికి తెచ్చెను. అదే పేరు గల రెండవవాడు సంఘములు కూడుకొనినప్పుడు ఒకరి మాట ఒకరు వినునట్టి త్రోవను ఏర్పరచెను.

తండ్రి జోసఫ్ థామస్ రాబర్ట్ బాప్టిస్టు బోధకుడు. దక్షిణాదివాడై యుండియు ఆయన బానిసత్వమునకు విరోధి యాయెను. ఆ కారణముచేత కుటుంబముతో స్వస్థలమును విడిచి ఒహాయో రాష్ట్రమునకు తరలిపోయెను. అంతర్యుద్ధము ముగిసి నీగ్రో బానిసలు విడుదల పొందిన తరువాత, వారిలోనుండి బోధకులను ఉపాధ్యాయులను సిద్ధపరచుటకు జార్జియా రాష్ట్రములో స్థాపించిన పాఠశాలకు 1871లో ఆయన అధ్యక్షుడై, 1884లో మరణించువరకు ఆ సేవలోనే యుండెను. ఆ పాఠశాలయే నేటి మోర్‌హౌస్ కళాశాల. మార్టిన్ లూథర్ కింగ్ అచ్చటనే చదివి 1948లో పట్టభద్రుడాయెను. నోరు లేనివానికి నోరిచ్చుటయే తండ్రి చేసిన సేవ. కుమారుడు చేసిన పని వేరుగా కనబడినను, దాని మూలము కూడ ఇదియే.

రాబర్ట్ వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివి, 1857లో తన తరగతిలో నాల్గవవాడుగా ఉత్తీర్ణుడై ఇంజనీర్ల దళమున చేరెను. 1859లో పసిఫిక్ తీరమునగల శాన్ జువాన్ దీవిలో ఒక పంది చంపబడిన కారణముగా పుట్టిన తగాదా పెరిగి, అమెరికా బ్రిటన్ దళములు ఎదురెదురుగా నిలిచెను. అచ్చట మట్టికోట కట్టించు పని యువకుడైన రాబర్ట్ చేతికి వచ్చెను. యుద్ధము జరుగలేదు. చివరకు ఆ దీవి ఎవరిదో 1872లో మధ్యవర్తి తీర్పువలన తేలెను. అల్పవిషయమునుండి ఎంత పెద్ద కలహము పుట్టగలదో, ఓపికతో కూడిన విచారణ దానినెట్లు చల్లార్చగలదో ఆయనకు యౌవనముననే కనబడెను.

సభలో కలిగిన అవమానము

అంతర్యుద్ధ కాలమున రాబర్ట్ ఉత్తర ప్రభుత్వ పక్షమున నిలిచి, మసాచుసెట్స్ రాష్ట్రములోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు రక్షణ పనులకు నియమింపబడెను. 1863లో ఆ పట్టణపు బాప్టిస్టు సంఘములో ఒక సభ జరిగెను. ముందు తెలుపకయే ఆయనను అధ్యక్షత వహింపుమని కోరిరి. ఆయనకప్పుడు ఇరువదియారు ఏండ్లు. సైనికులకు ఆజ్ఞలిచ్చుట తెలిసినవాడు, విశ్వాసుల సభను నడుపుట ఏమంత కష్టమని తలంచి కుర్చీలో కూర్చుండెను. సహోదరులు సహోదరులవలెనే నడుచుకొందురని నమ్మెను.

అట్లు జరుగలేదు. ఒకరు మాటలాడుచుండగా మరియొకరు లేచిరి. తీర్మానమేదో, సవరణయేదో, ముందు దేనిమీద ఓటు తీసికొనవలెనో ఆయనకు తెలియదు, తెలిసినవారును లేరు. సభ రసాభాసమాయెను. దేవుని మందిరమున, దేవుని ప్రజల మధ్య, తన అధ్యక్షత క్రింద ఇది జరిగెనన్న సిగ్గు ఆయన హృదయమున నాటుకొనెను. ఈ సంగతులను కొంచెమైనను నేర్చుకొనక ఇకమీదట ఏ సభకును పోరాదని ఆయన తీర్మానించుకొనెను.

ఇట్టి అనుభవము పెక్కుమందికి కలుగును. కొందరు ఇతరులను నిందింతురు, కొందరు సంఘమునే విడుతురు, మరికొందరు మరచిపోవుదురు. రాబర్ట్ ఎవరిని నిందింపలేదు. నేర్చుకొనవలసినవాడను నేనే యని ఒప్పుకొనెను. ఆయన జీవితమంతటిలో దేవుని కృప తేటగా కనబడు మలుపు ఇదియే. దొరికిన ఒక పుస్తకములో నాలుగైదు నియమములు కనబడగా, వాటిని చిన్న కాగితముపై వ్రాసికొని తన జేబుపర్సులో పెట్టుకొని తిరిగెను.

1867లో ఆయనకు శాన్ ఫ్రాన్సిస్కోకు బదిలీ ఆయెను. దేశపు నలుమూలలనుండి జనులు వచ్చి చేరిన పట్టణమది. సంఘములోను ధర్మసంస్థలలోను ఆయన వారితో కలిసి పనిచేసెను. అందరును మంచివారే, అయినను ప్రతివాడును తన ఊరి వాడుకయే సభాధర్మమని నమ్మినవాడు. కనుక చేయవలసిన పనినిగూర్చి కాక, పని చేయు విధమునుగూర్చియే గంటలకొలది వాదములు. ఆయన ప్రామాణిక గ్రంథములను తెప్పించి చదివెను. థామస్ జెఫర్సన్ 1801లో వ్రాసిన గ్రంథము చట్టసభకు తగినది. కషింగ్ 1845లో వ్రాసినది సామాన్య సభల కొరకైనను, రెండింటికిని అనేక విషయములలో పొత్తు కుదరలేదు. పండితులకే ఏకాభిప్రాయము లేనప్పుడు పల్లె సంఘపు పెద్ద ఏమి చేయగలడు? కొన్ని పుటల చిన్న పుస్తకమును అచ్చు వేయించి ఆయన స్నేహితులకు పంచిపెట్టెను గాని, అది చాలదని త్వరలోనే తెలిసికొనెను.

మంచు కాలపు పని

1874 నాటికి ఆయన మిషిగన్ సరస్సు తీరమునగల మిల్వాకీలో నుండెను. చలికాలమున సరస్సులు గడ్డకట్టి రేవు పనులు నిలిచిపోయెను. దొరికిన ఆ తీరిక సమయమును ఆయన పుస్తకమునకు వినియోగించెను. వ్రాతప్రతిని చూచిన ఆయన భార్య హెలెన్ ఒక లోపమును కనిపెట్టెను. నియమములు తెలిసినవారికి ఇది పనికివచ్చును; ఎన్నడును సభలో లేచి మాటలాడనివారి సంగతి ఏమి? సభను ఎట్లు ఆరంభింపవలెను, తీర్మానమును ఏ మాటలతో ప్రతిపాదింపవలెను, ఎట్లు బలపరచవలెను అను సంగతులు ఎవరు చెప్పుదురు? ఆమె మాట విని రాబర్ట్ అనుభవము లేనివారి కొరకు రెండవ భాగమును చేర్చెను. ఆ పుస్తకము సామాన్యుల చేతికి అందుటకు ఆ ఇల్లాలి ఆలోచన గొప్ప కారణము.

న్యూయార్కులోని ఒక ప్రచురణసంస్థ దానిని నిరాకరించెను. ఒక సైనికోద్యోగి వ్రాసిన సభానియమములను ఎవరు కొందురు? రాబర్ట్ వెనుదీయలేదు. స్వంత ఖర్చుతో 4,000 ప్రతులు అచ్చు వేయించెను. చికాగోలోని గ్రిగ్స్ సంస్థ వాటిని 1876 ఫిబ్రవరి 19న విడుదల చేసెను. 176 పుటల ఆ చిన్న పుస్తకపు ప్రతులన్నియు కొద్ది నెలలలోనే చెల్లిపోయెను. రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ అను పేర అది నేటికిని సంఘములలోను, క్లబ్బులలోను, కార్మిక సంఘములలోను వాడుకలో నున్నది. దాని పండ్రెండవ కూర్పు 2020లో వెలువడెను.

ఒక్క నక్షత్రము కొరకు జరిగిన సభ

ఆ నియమములలో జీవము ఎచ్చట నున్నదో తెలిసికొనుటకు తెలుగు క్రైస్తవులు తమ చరిత్రనే చూడవచ్చును. రాబర్ట్ పదునారేండ్ల బాలుడుగా నున్న 1853లో, ఆయన చెందిన బాప్టిస్టు శాఖవారి మిషనరీ సమాజము ఆల్బనీ నగరమున సభ కూడెను. చర్చకు వచ్చిన అంశములలో ఒకటి నెల్లూరి తెలుగు మిషను. శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరు చేరినవాడు. ఇన్ని ఏండ్ల ప్రయాసకు ఫలితము అత్యల్పము. దీనిని మూసివేసి ఆ ధనమును ఫలించు పొలములలో వెచ్చించుట మేలని పలువురి అభిప్రాయము. పటములో నెల్లూరు ఒంటరిగా నిలిచిన ఒక్క నక్షత్రము. వెంటనే ఓటు తీసికొని యుండినయెడల ఏమగునో ఊహింపవచ్చును. అయితే ఆ సభ తొందరపడలేదు. రెండవ పక్షమును మాటలాడనిచ్చెను. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ ఒంటరి నక్షత్రమునుగూర్చి ఒక పద్యము వ్రాయగా అది సభలో చదువబడెను. హృదయములు మారెను. మిషను నిలిచెను.

మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1 ఉదయమున, లైమన్ జ్యూయెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించిరి. 1865లో జాన్ క్లౌ వచ్చెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనములో అత్యధికులు ఊరికి వెలుపల నుంచబడినవారు, ఏ సభలోను నోరు విప్పుటకు హక్కు లేనివారు. సముద్రమునకు ఆవల ఒక సభ తక్కువసంఖ్యవారి మాటను ఓపికతో వినినందున వారికి సువార్త ద్వారము మూయబడలేదు.

రాబర్ట్ పుస్తకపు ఆత్మ ఇదియే. అధికసంఖ్యాకుల తీర్పు నెగ్గవలెను; కాని తక్కువసంఖ్యవారి మాట వినబడక ముందు ఆ తీర్పు రాకూడదు. ఒకసారి మాటలాడినవాడు, ఇంకను మాటలాడనివారు కోరుచుండగా, రెండవసారి మాటలాడకూడదు. మాటలన్నియు అధ్యక్షుని నుద్దేశించియే పలుకవలెను. తీర్మానమును విమర్శింపవచ్చును గాని, దానిని తెచ్చినవాని మనస్సులోని ఉద్దేశములను ఎత్తిచూపరాదు. అమెరికా ప్రతినిధుల సభలో సగమునకు మించిన ఓట్లతో చర్చను ముగింపవచ్చును. రాబర్టు సామాన్య సభలకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలెనని నిర్ణయించెను. సహోదరుని నోరు మూయుట సులభము కాకూడదని దాని తాత్పర్యము.

కార్యక్రమపు వరుస, మినిట్సు పుస్తకము

సభ చేపట్టవలసిన పనులకు ఆయన ఒక వరుస నేర్పరచెను. మొదట గత సభ మినిట్సు చదివి ఆమోదించుట. తరువాత స్థాయీ సంఘముల నివేదికలు. ఆ తరువాత ప్రత్యేక సంఘముల నివేదికలు. అటుపిమ్మట మిగిలిపోయిన పనులు. చిట్టచివరకు క్రొత్త పనులు. చూచుటకు ఇది వట్టి పట్టిక. ఆలోచించినచో దీనిలో నీతి యున్నది. నిన్న ఇచ్చిన మాటను చదువకుండ నేడు క్రొత్త మాట ఇయ్యరాదు. అప్పగించిన పనికి లెక్క అడుగకుండ క్రొత్త పని అప్పగింపరాదు. సగములో విడిచిన దానిని తీర్చకుండ వింత వింత ఆలోచనల వెంట పోరాదు. గృహనిర్వాహకత్వమునుగూర్చి ప్రభువు చెప్పిన ఉపమానములను ఎరిగినవారికి ఈ వరుస క్రొత్తది కాదు.

మినిట్సు విషయములో ఆయన మరింత ఖండితముగా నుండెను. సభ ఏది, ఏ తేదీన ఎచ్చట కూడెను, అధ్యక్షుడును కార్యదర్శియు హాజరైరా, గత మినిట్సు ఆమోదింపబడెనా, ఏ తీర్మానములు వచ్చెను, అవి నెగ్గెనా ఓడెనా అను సంగతులు అందులో నుండవలెను. సామాన్య సభలలో ముఖ్యముగా వ్రాయవలసినది జరిగిన పనిని. పలికిన ప్రతి మాటను కాదు. కార్యదర్శి ఎవరిని పొగడరాదు, ఎవరిని తెగడరాదు.

యెరూషలేము సభ చరిత్రను చదివినవారు దీని విలువను గ్రహింపగలరు. అపొస్తలుల కార్యములు పదునైదవ అధ్యాయములో బహు వాదము జరిగెను. అయితే అంతియొకయ సంఘమునకు పంపిన పత్రికలో ఆ వాదమున ఎవరు ఎవరిని ఏమనిరో లేదు. వ్రాసినవారెవరు, వ్రాయుట ఎవరికి, నిర్ణయమేది, దానిని తెచ్చువారెవరు, అంతియే. కలహపు మాటలను తరతరములకు దాచిపెట్టక, పరిశుద్ధాత్మ యెదుట కుదిరిన సమాధానమును మాత్రము ఆ పత్రిక నిలిపెను. సత్యమును ప్రేమయు కలిసి వ్రాసిన మినిట్సు అట్లుండును.

గాల్వెస్టన్ గట్టు

1900 సెప్టెంబరు 8న టెక్సాస్ తీరములోని గాల్వెస్టన్ పట్టణముపై ఉప్పెన వచ్చి పడెను. ఆరు వేలమందికి మించి మరణించిరి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన తెలుగువారికి ఆ దృశ్యమును వర్ణింపనక్కర లేదు. పట్టణమును కాపాడు మార్గమును సూచించుటకు ముగ్గురు ఇంజనీర్ల మండలి నియమింపబడెను. దానికి అధ్యక్షుడు రాబర్ట్. 1901లో ఆయన ఇంజనీర్ల దళమునకు అధిపతియై, బ్రిగేడియర్ జనరల్ హోదాతో ఉద్యోగవిరమణ చేసియుండెను. పదునేడు అడుగుల ఎత్తున, మూడు మైళ్లకు పైబడిన పొడవున కాంక్రీటు గట్టు కట్టవలెననియు, దాని వెనుక పట్టణపు నేలనే ఇసుకతో ఎత్తు చేయవలెననియు వారు సలహా ఇచ్చిరి. 1902లో పని ఆరంభమై, 1904లో గట్టు మొదటి భాగము పూర్తియాయెను.

1915 ఆగస్టులో మరియొక పెనుతుఫాను వచ్చెను. గట్టు నిలిచెను, పట్టణము దక్కెను. అదే 1915లో, మూడు సంవత్సరములు శ్రమించి పూర్తిగా సవరించి వ్రాసిన తన పుస్తకమును డెబ్బదియెనిమిదేండ్ల రాబర్ట్ ప్రచురించెను. నలువది ఏండ్లుగా పాఠకులు పంపిన వందలకొలది ప్రశ్నలకు ఆయన ఓపికతో జాబులు వ్రాయుచు, తన పుస్తకములో ఎచ్చట అస్పష్టత యున్నదో ఆ ప్రశ్నలవలననే తెలిసికొనెను. సముద్రమునకు కట్టిన గట్టు, సభకు కట్టిన గట్టు, రెండును ఒకే ఏట నిలబడి కనబడెను. 1923 మే 11న, ఎనుబదియారవ ఏట, న్యూయార్కు రాష్ట్రములోని హార్నెల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించెను. దేహము ఆర్లింగ్టన్ సైనిక శ్మశానమున నుంచబడెను.

నేటి సంఘమునకు

ఒక హెచ్చరిక అవసరము. గట్టు ఒక్కటియే పట్టణమును కాపాడలేదు. దాని వెనుక నేలను కూడ ఎత్తు చేయవలసి వచ్చెను. నియమములు ఎంత మంచివైనను, వాటి వెనుక విశ్వాసుల మనస్సులు ప్రేమలో ఎదగనియెడల, ఆ నియమములే ఆయుధములగును. తెలివిగలవాడు సవరణలతో సభను చిక్కుపరచి అమాయకుని ఓడింపగలడు. ధర్మశాస్త్రమును చేతబట్టుకొని కరుణను విడిచినవారిని ప్రభువు ఎట్లు గద్దించెనో సువార్తలు సాక్ష్యమిచ్చుచున్నవి. నియమము బలహీనుని కాపాడుటకే గాని, బలవంతుని గెలిపించుటకు కాదు.

అయినను ప్రేమ యున్నది గనుక నియమమేల యనుట గొప్ప ప్రమాదము. న్యాయాధిపతుల గ్రంథము ముగియునప్పుడు ఇశ్రాయేలీయుల స్థితి యెట్లుండెనో, ఎవని ఇష్టము వానికి న్యాయమైనప్పుడు దుర్బలులకు ఏమి జరిగెనో చదువరులెరుగుదురు. ఎన్ని సంఘములలో సంవత్సరముల తరబడి మినిట్సు పుస్తకము కనబడదు! కనబడినను, కూడని సభకు మినిట్సు, వేయని ఓటుకు లెక్క! చివరకు విశ్వాసులు న్యాయస్థానముల మెట్లు ఎక్కుదురు. వ్రాయవలసినదానిని నిజముగా వ్రాయకపోవుట అబద్ధసాక్ష్యమే. దక్షిణ ఇండియా సంఘ ఐక్యతకు 1919లో తరంగంబాడిలో మొదలిడిన సంప్రదింపులు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నెరవేరెను. ఇరువదియెనిమిది ఏండ్లు సభలు కూడి, విని, వ్రాసి, చదివి, సరిదిద్దుకొనిన పెద్దల ఓపిక లేనిదే ఆ ఐక్యత లేదు.

ఢిల్లీ సాకేత్ వంటి నగరభాగములో ఇరుగుపొరుగువారు నడుపుకొను నివాసుల సంఘమైనను, ఒంగోలు ప్రక్క పల్లెలోని స్త్రీల సమాజమైనను, సభ కూడినప్పుడు అచ్చట బలవంతుడును బలహీనుడును ఒకే చాపపై కూర్చుందురు. వెనుక వరుసలో మాటలాడుటకు భయపడుచున్న ఒక విధవరాలి మాట వినబడునట్లు చేయుటయే క్రమము. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు ఆహారపు పంపకమున మరువబడినప్పుడు యెరూషలేము సంఘము ఆ సణుగును అణచివేయలేదు. వినెను, సభ కూర్చెను, మనుష్యులను ఏర్పరచెను. అటు తరువాత దేవుని వాక్యము ప్రబలెనని లూకా వ్రాసెను.

ఈ సంవత్సరము సంఘ కార్యదర్శిగా ఎన్నికైన సహోదరుడు, సమాజ అధ్యక్షురాలైన సహోదరి, తమ చేతిలోని కలమును గంటను అల్పముగా ఎంచకుందురు గాక. అవమానమునొందిన ఒక యువ ఇంజనీరు జేబులోని చిన్న కాగితమును దేవుడు వాడుకొనెను. నమ్మకముగా వ్రాసిన ఒక మినిట్సు పుటను కూడ ఆయన వాడుకొనును.